ఉప్పు నీళ్లా, సున్నం నీళ్లా? మెషిన్ కొనేముందు తేల్చుకోవాల్సిన సంగతి

మా ఇంట్లో మెట్ల కింద నీలం రంగు సిలిండర్ ఒకటి నిలబడి ఉంటుంది. ఇప్పుడు దానికి గొడుగులు తగిలిస్తున్నాం. 38 వేలు పోసి కొన్న వాటర్ సాఫ్ట్‌నర్, అంటే నీళ్లలో సున్నం తీసే మెషిన్ అది. చెడిపోలేదు. అమ్మినాయన అబద్ధమూ ఆడలేదు. "హార్డ్‌నెస్ పోతుందమ్మా" అన్నాడు, పోయింది. మా నీళ్లకున్న జబ్బు అదొక్కటే కాదని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పాతికేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, కఠినజలం మృదుజలం అని బోర్డు మీద రాసి మరీ చెప్పినదాన్ని, నా ఇంటి దగ్గరకొచ్చేసరికి ఆ పాఠం ఎటు పోయిందో!

మాది భీమవరం శివారు. ఒకప్పుడు చేపల చెరువు ఉన్న చోట మట్టి తోలి మెరక చేసి ప్లాట్లు వేశారు. మా అక్కది నిడదవోలు దగ్గర ఇలాంటి లేఅవుట్టే. నిన్నమొన్నటిదాకా రెండూ ఒకే జిల్లా. ఇద్దరం ఒకే ఏడాది సాఫ్ట్‌నర్లు పెట్టించాం. అక్కకి అది బంగారంలా పనిచేస్తోంది. మాకు గొడుగుల స్టాండు అయింది. ఎందుకలా అయిందో తెలిస్తే మీ ఇంటికి ఏది సరిపడుతుందో మీకే తెలిసిపోతుంది.

రెండు ఇళ్లు, రెండు రకాల నీళ్లు

మన వైపు బోరు నీళ్లు బాగోకపోతే అందరం "ఉప్పు నీళ్లు" అనేస్తాం. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి సున్నం, అంటే నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం. కుళాయి మూతికి తెల్లగా పట్టేది, గీజర్లో పేరుకునేది, సబ్బుని నురగ రానివ్వనిది ఇదే. దీన్నే హార్డ్‌నెస్ అంటారు. రెండోది అసలు ఉప్పు, మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడే. నోటికి తగిలేది, ఇనుముని తినేసేది, మొక్క ఆకుల అంచులు మాడ్చేది ఇది.

గోదావరి డెల్టా పైభాగంలో, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ కాలువ మొదలయ్యే వైపు, నేల కింద నీళ్లలో ఎక్కువగా సున్నం సమస్యే. సముద్రం వైపు దిగేకొద్దీ భూమిలో పాత సముద్రపు ఉప్పు కూడా కలుస్తుంది. చెరువుల సాగు ఉన్నచోట చెప్పనే అక్కర్లేదు. భీమవరం, నరసాపురం, మొగల్తూరు, అటు రాజోలు, అమలాపురం కింద ఊళ్లలో చాలాచోట్ల రెండు జబ్బులూ కలిసే ఉంటాయి. అలాగని ఊరిపేరు చూసి తేల్చేయకండి. మా వీధిలోనే నాలుగిళ్ల అవతల 40 అడుగుల బోరు నీళ్లు మా 120 అడుగుల బోరు కన్నా నయం. లోతుకెళితే మంచినీళ్లు పడతాయన్న లెక్క మన దగ్గర చాలాసార్లు తిరగబడుతుంది.

సాఫ్ట్‌నర్ కొన్న మూడు నెలలకి, అంటే చేతులు కాలాక, టెస్టు చేయించాను. మా బోరులో మొత్తం కరిగిన లవణాలు, టీడీఎస్ అంటారే అది, లీటరుకు 2,050 మిల్లీగ్రాములు. హార్డ్‌నెస్ 620. ఉప్పు ఎంతుందో చెప్పే క్లోరైడ్ 780. అక్కా వాళ్లది టీడీఎస్ 720, హార్డ్‌నెస్ 430, క్లోరైడ్ 90. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాక నాకు ఇంకెవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

టీడీఎస్ మీటరు చూసి మోసపోకండి

మెషిన్ అమ్మేవాళ్లు పెన్నులాంటి మీటరు గ్లాసులో ముంచి "చూశారా, ఎంత ఉందో" అని భయపెడతారు. అది మొత్తం లవణాలే చెబుతుంది. అందులో సున్నమెంత, ఉప్పెంత అన్నది దానికి తెలీదు. హార్డ్‌నెస్, క్లోరైడ్, టీడీఎస్ మూడూ విడివిడిగా రావాలంటే ల్యాబుకే ఇవ్వాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల ల్యాబులు ఉన్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి. వేలు పోసి మెషిన్ కొనబోతూ టెస్టు డబ్బు దగ్గర వెనకాడొద్దు. బోరు ఐదు నిమిషాలు వదిలేశాక శుభ్రమైన సీసాలో నింపి, అదే రోజు ఇచ్చేయండి. వీలుంటే మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయించండి. కాలువలు కట్టేసి చేలు ఎండి ఉన్నప్పటి నీళ్లూ, ఊడ్పులప్పటి నీళ్లూ ఒకేలా ఉండవు.

కాగితం వచ్చాక పోల్చుకోవడానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ఉంది. దాని ప్రకారం తాగే నీళ్లలో హార్డ్‌నెస్ 200 దాకా బాగున్నట్టు. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్‌కి ఆ రెండు గీతలు 500, 2,000. క్లోరైడ్‌కి 250, 1,000. ఇవన్నీ లీటరుకు మిల్లీగ్రాముల లెక్క.

ల్యాబుకి వెళ్లేలోపు ఇంట్లో చిన్న పరీక్ష చేసుకోవచ్చు. రెండు ఖాళీ సీసాలు తీసుకుని ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో వాన నీళ్లు సగానికి పోయండి. ఒంటి సబ్బు గీరి రెండింట్లో సమానంగా వేసి గట్టిగా ఊపండి. డిటర్జెంట్ పొడి వద్దు, అది సున్నాన్ని తట్టుకునేలా చేసినదే. వాన నీళ్ల సీసాలో నురగ మూతిదాకా వస్తుంది. బోరు నీళ్ల సీసాలో పాలు విరిగినట్టు తెల్లటి తరకలు తేలితే మీ దగ్గర సున్నం గట్టిగానే ఉంది. ఉప్పు సంగతి చూడటానికి మీ నాలుకే చాలు.

వంటింట్లో, గీజర్లో

మా అత్తగారు ఈ ఇంటికి వచ్చిన మొదటి వారం కందిపప్పు మార్చమని గొడవ పెట్టారు. కొట్టువాడు పాత పప్పు అంటగట్టాడని ఆవిడ అనుమానం. కుక్కర్ ఆరు విజిల్స్ వేశాక మూత తీస్తే పప్పు గింజ గింజగా, గరిటెతో మెదిపితే పక్కకి జారిపోతూ ఉండేది. పైన పసుపు నీళ్లు వేరు, కింద పప్పు వేరు. కొట్టువాడి తప్పేం లేదు. కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ని పట్టుకుని బిగిస్తుంది. అందుకే మెత్తబడదు. అందరూ చిటికెడు వంటసోడా వేస్తారు, పని అవుతుంది. కానీ ఆ సోడా పప్పులోని బి1 విటమిన్‌ని చంపేస్తుంది, రోజూ వేయడం మంచిది కాదు. అన్నం కూడా బోరు నీళ్లతో వండితే కాస్త పసుపు రంగులో దిగుతుంది. టీ మీద నూనె తెట్టులాంటి పొర కడుతుంది.

పప్పుకి పట్టేది రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లే. దానికోసం ఇంటి మొత్తానికి మెషిన్ ఎందుకు? మా అత్తగారు ఆ లెక్క నాకన్నా ముందే తేల్చారు. పొయ్యి గట్టు మీద ఒక స్టీలు బిందె పెట్టి "ఇది పప్పు బిందె, ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు. దాంట్లో బోరు నీళ్లు కాకుండా, కాలువ నుంచి వచ్చే కుళాయి నీళ్లు పట్టేవారు. రాత్రి ఆ నీళ్లలోనే పప్పు నానేసేవారు. సమస్య పోయింది.

గీజర్ సంగతి వేరు. సున్నం వేడికి విడిపోయి కాయిల్ చుట్టూ గట్టిపడుతుంది. మా ప్లంబర్ పాత గీజర్ విప్పినప్పుడు కాయిల్ బయటికి రాలేదు. వేలంత లావుండాల్సింది మొక్కజొన్న పొత్తంత అయింది. స్క్రూడ్రైవర్‌తో కొడితే పెంకులు పెంకులుగా రాలింది, చీపురుతో ఎత్తితే చేట నిండింది. ఆ పెంకు అడ్డుగా ఉంటే వేడి నీళ్లకి అందదు. కరెంటు కాలుతుంది, కాయిల్ లోపలే ఉడికి చస్తుంది. ఒకసారి లెక్క వేశాను. మనిషికి రోజుకు 135 లీటర్లు అని పట్టణాల్లో వేసే లెక్క ప్రకారం నలుగురికి 540 లీటర్లు. 620 హార్డ్‌నెస్ అంటే సున్నపురాయి లెక్కన రోజుకు 335 గ్రాములు. నెలకు పది కేజీలు మా ఇంటి పైపుల్లోంచి నడిచి వెళుతోంది! అదృష్టం బాగుండి చాలామటుకు డ్రైనేజీలోకి పోతుంది.

ఆరోగ్యం గురించి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. హార్డ్‌నెస్ వల్ల ఆరోగ్యానికి ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు ఏదీ పెట్టలేదు. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావాల్సినవే. కిడ్నీలో రాళ్లు ఈ నీళ్ల వల్లే వస్తాయని వీధిలో అందరూ అంటారు గానీ, రాళ్లకి పెద్ద కారణం తగినన్ని నీళ్లు తాగకపోవడమే. జుట్టు గడ్డిలా అవుతుంది, నిజం. బట్టతల మాత్రం దీనిమీద తోసేయలేం, మా ఆయన ఎంత ప్రయత్నించినా.

కాలువ నీళ్లు వస్తుంటే, ముందు ఆ దారి

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన వైపు మంచినీళ్లు అంటే కాలువ నీళ్లే. మున్సిపాలిటీ అయినా పంచాయతీ అయినా కాలువ నీళ్లు చెరువులోకి తోడుకుని, వడగట్టి, క్లోరిన్ వేసి కుళాయిల్లోకి వదులుతారు. గోదావరి నీళ్లు మన బోరు నీళ్లతో పోలిస్తే ఎంతో మెత్తన. మా కుళాయి నీళ్లు టీడీఎస్ 210 చూపించాయి. మరి శివారు లేఅవుట్లలో అందరం బోరు మీదెందుకు పడతాం? కుళాయి పొద్దున్నే గంటసేపు వస్తుంది, బోరు స్విచ్ వేసినప్పుడల్లా వస్తుంది, అందుకు. ఆ గంట నీళ్లు బిందెలకి పట్టి, మిగిలింది వదిలేస్తాం.

మేం చివరికి చేసిందేమిటంటే డాబా మీద ఇంకో వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టాం. కుళాయి నీళ్లు కింద చిన్న సంపులో పడతాయి. అక్కణ్ణుంచి అర హెచ్‌పీ మోటారుతో ఆ ట్యాంకులోకి ఎక్కుతాయి. దాన్నుంచి మూడు చోట్లకే పైపు వేశాం: వంటింటి సింకు, గీజర్, వాషింగ్ మెషిన్. మరుగుదొడ్డి, వాకిలి కడగడం, గచ్చు తుడవడం అన్నీ బోరు మీదే. సంపు ముందునుంచీ ఉంది కాబట్టి ట్యాంకు, మోటారు, పైపులు, కూలీ కలిపి 19 వేలు అయింది. సాఫ్ట్‌నర్ ఖరీదులో సగం. కల్లుప్పు మోయడం లేదు, సర్వీసు ఫోన్లు లేవు.

ఒక్క జాగ్రత్త ఉంది. రెండు పైపులని ఎక్కడా కలపొద్దు. "ఒక వాల్వ్ పెడితే కుళాయి రానప్పుడు బోరు వాడుకోవచ్చు" అని ప్లంబర్లు ఉత్సాహపడతారు. ఆ వాల్వ్ ఎవరో ఒకరు తిప్పి మర్చిపోతారు, మంచి ట్యాంకు ఉప్పు ట్యాంకు అవుతుంది. మా ఇంట్లో సంక్రాంతి చుట్టాలొచ్చినప్పుడు అయింది. తర్వాత ఆ వాల్వే తీయించేశాం.

కాలువ నీళ్లు మెత్తన అన్నాను గానీ శుభ్రం అనలేదు. కాలువ గట్టు మీద నడిచినవాళ్లకి అందులో ఏమేం కలుస్తాయో తెలుసు. తాగడానికి వడగట్టి కాచుకోవడమో, యూవీ ఫిల్టరో తప్పదు. వానాకాలం ఎర్రనీళ్లు వచ్చినప్పుడు యూవీ ఒక్కటే సరిపోదు, బురద అడ్డుపడితే ఆ వెలుగు క్రిముల దాకా చేరదు. పటిక గానీ, మన పెద్దవాళ్లు బిందె లోపల అరగదీసే ఇండుప గింజ గానీ ఆ బురదని దించుతాయి. ఆ రెండూ సున్నాన్ని ఏమీ చేయవు, కొంతమంది చేస్తాయనుకుంటారు కాబట్టి చెబుతున్నాను.

ఈ దారిలో లోటు ఎండాకాలమే. కాలువలు కట్టేశాక చెరువు నీళ్లు అడుగంటుతాయి, కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. ఆ నెలన్నర గీజర్ ఎలాగూ వేయం కాబట్టి దాని పైపు కట్టేసి నీళ్లు వంటింటికి మిగుల్చుకుంటాం.

సాఫ్ట్‌నర్ ఎవరికి

దీని పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, కాల్షియం పుచ్చుకుని సోడియం ఇస్తుంది. లోపల రెజిన్ పూసలుంటాయి. అవి నిండిపోయాక ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ ఖాళీ అవుతాయి. అంటే నీళ్లలో లవణం తగ్గదు, లవణం రకం మారుతుంది. మా ఇంట్లో సాఫ్ట్‌నర్ దాటాక హార్డ్‌నెస్ 40కి పడిపోయింది, టీడీఎస్ మాత్రం 2,050 నుంచి ఇంకాస్త పైకే వెళ్లింది. సబ్బు నురగొచ్చింది. కానీ స్నానం చేశాక ఒళ్లు జిడ్డుగా, పెదవులు నాకితే ఉప్పగా ఉండేది. కొత్త స్టీలు కుళాయిలకి తుప్పు చుక్కలు ఆగలేదు. ఆ తుప్పు క్లోరైడ్ పని, సాఫ్ట్‌నర్‌కి దానితో సంబంధం లేదు. పైగా ఇంత సోడియం ముందే ఉన్న నీళ్లలో రెజిన్ కూడా సరిగ్గా పనిచేయదు.

అక్క ఇంట్లో కథ వేరు. ఆవిడ నీళ్లలో సున్నమే తప్ప ఉప్పు పెద్దగా లేదు. 25 లీటర్ల రెజిన్ ఉన్న మెషిన్ ఒకసారి కడిగితే సుమారు 1,100 గ్రాముల సున్నాన్ని పట్టుకుంటుంది. 430 హార్డ్‌నెస్‌కి అది 2,500 లీటర్ల చిల్లర. ఇల్లు మొత్తానికి పెడితే ఐదు రోజులకోసారి కడగాలి. అక్క బాత్‌రూములకీ వాషింగ్ మెషిన్‌కీ మాత్రమే పెట్టించింది, రోజుకు 250 లీటర్లు. పదిరోజులకోసారి నాలుగు కేజీల ఉప్పుతో సరిపోతోంది, నెలకు పన్నెండు కేజీలు. అదే మా నీళ్లకి ఇల్లంతా పెట్టినందుకు మూడు రోజులకోసారి ఉప్పు పోయాల్సి వచ్చేది. మా ఆయన చేతులెత్తేశారు. మీ కాగితంలో హార్డ్‌నెస్ ఎంతో చూసి ఈ లెక్క కొనకముందే వేసుకోండి. అమ్మేవాళ్లు "నెలకోసారి ఉప్పు" అంటే ఎన్ని లీటర్లకో, ఎంత హార్డ్‌నెస్‌కో అడగండి.

మార్కెట్లో దొరికే ముతక కల్లుప్పులో మట్టి ఉంటుంది, అది రెజిన్ మీద పేరుకుంటుంది. సాఫ్ట్‌నర్‌కనే వచ్చే ఉప్పు బిళ్లలు వాడండి, లేదా కల్లుప్పు విడిగా కరిగించి, తేరాక పైనీళ్లు పోయండి. కడిగిన ఉప్పునీళ్లు, ఒక్కోసారి 200 లీటర్ల దాకా వస్తాయి, పెరట్లోకి వదలకండి. కొబ్బరి చెట్టు తట్టుకుంటుంది. కరివేపాకు, మల్లె, అరటి తట్టుకోవు. మనవి నల్ల బంకమట్టి నేలలు, సోడియం తగిలితే ఆ మట్టి ముద్ద కట్టి నీళ్లు ఇంకనివ్వదు.

సాఫ్ట్‌నర్ నీళ్లు తాగడానికీ వంటకీ వద్దు. హార్డ్‌నెస్ ప్రతి 100కి లీటరుకు 46 మిల్లీగ్రాముల సోడియం కలుస్తుంది. అక్క నీళ్లకి అది లీటరుకు 200 దాకా. రెండు లీటర్లు తాగితే 400. పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బీపీ ఉన్న ఇంట్లో, ఆవకాయ మానలేని ఇంట్లో, అది చిన్న లెక్క కాదు.

ఆర్వో, టిన్నులు

ఇళ్లలో మామూలుగా పెట్టుకునే మెషిన్లలో సున్నాన్నీ ఉప్పునీ రెండింటినీ తీసేది ఆర్వోనే. అందుకే దాన్ని ఇల్లు మొత్తానికి పెట్టేయాలనిపిస్తుంది. వద్దు. మామూలు ఇంటి ఆర్వో ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి మూడు లీటర్ల దాకా వదిలేస్తుంది. రోజుకు 20 లీటర్లు తాగడానికీ వంటకీ అంటే 60 లీటర్లు బయటికి, భరించొచ్చు. 540 లీటర్లకి అదే లెక్క వేస్తే ఏటికి ఎదురీదినట్టే. వదిలేసిన నీళ్లు ఇంకా ఉప్పగా ఉంటాయి. మరుగుదొడ్డికి పనికొస్తాయి, మొక్కలకీ బండి కడగడానికీ పనికిరావు.

బోరు తప్ప వేరే నీళ్లు లేకపోతే తాగడానికి ఆర్వో పెట్టుకోక తప్పదు. హార్డ్‌నెస్ బాగా ఎక్కువుంటే మెంబ్రేన్ మీద, అంటే ఆర్వో లోపల నీళ్లని వడగట్టే పొర మీద కూడా సున్నం పడుతుంది, గీజర్లో పడినట్టే. రెండేళ్లు రావాల్సింది ఎనిమిది నెలలకే మార్చమంటారు. ముందు సున్నం పట్టకుండా చూసే యాంటీ స్కేలెంట్ కాట్రిడ్జ్ ఉందో లేదో, మెంబ్రేన్ ఖరీదెంతో కొనేముందే అడగండి. అసలు ఖర్చు అక్కడుంటుంది. కాలువ నీళ్లు వచ్చే ఇంట్లో మాత్రం ఆర్వో దండగ. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వోలు వాడనివ్వొద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి 20 లీటర్ల టిన్నుకి మించింది లేదు. తాగడానికీ పప్పుకీ కలిపి రోజుకో టిన్ను. కాకపోతే టిన్ను లోపల పాచి ఉందేమో వెలుతురులో పెట్టి చూసుకోండి, ప్లాంటు వాళ్లు కడిగామనే అంటారు.

చిన్నవాటిలో పనికొచ్చేవీ, రానివీ

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఇంట్లో ఉండాల్సిన వస్తువు. లీటరు గోరువెచ్చటి నీళ్లకి రెండు చెంచాలు వేసి షవర్ తలని రాత్రంతా నానబెడితే పొద్దుటికి రంధ్రాలన్నీ తెరుచుకుంటాయి. కెటిల్‌లో పోసి ఒక పొంగు రానిస్తే తెల్లపొర బుడగలు కక్కుతూ కరిగిపోతుంది. వాషింగ్ మెషిన్‌కి రెండు నెలలకోసారి, బట్టలు లేకుండా వేడి నీళ్ల సైకిల్లో వంద గ్రాములు చాలు. పాలరాయి గట్టు మీద మాత్రం పడనివ్వకండి, రాయి కూడా సున్నమే, తినేస్తుంది. బ్లీచింగ్‌తో అసలు కలపొద్దు, విషవాయువు వస్తుంది. బాత్‌రూము యాసిడ్‌తో కుళాయిలు తోమితే ఆరోజుకి మెరుస్తాయి, ఏడాదికి పూత పోయి నల్లబడతాయి.

కాచి చల్లార్చితే సున్నం కొంత దిగుతుంది, బైకార్బొనేట్ రూపంలో ఉన్నంతవరకే. గిన్నె అడుగున తెల్లటి పొడి బాగా దిగితే మీకు ఆ రకం ఎక్కువున్నట్టు. వంట నీళ్లకి ఈ పద్ధతి చాలు. గ్యాసు ఖర్చు మీరే చూసుకోవాలి.

షవర్‌కి బిగించే ఫిల్టర్లు క్లోరిన్ వాసన తగ్గిస్తాయి, సున్నం జోలికి పోవు. జుట్టు కోసం అవి కొనేకన్నా, తలంటుకున్నాక చివరి రెండు చెంబులు కుళాయి నీళ్లో వాన నీళ్లో పోసుకోవడం మేలు. కుంకుడు రసం సబ్బులా తరకలు కట్టదు, ఈ నీళ్లకి అది మంచి జోడీ. పైపు చుట్టూ బిగించే అయస్కాంతాలు, కరెంటు తీగ చుట్లు దాటాక కూడా నీళ్లలో సున్నం అంతే ఉంటుంది, ల్యాబుకిస్తే అదే అంకె వస్తుంది. "పేరుకోకుండా చేస్తుంది" అంటారు. ఆ మాట మీద వేలు పెట్టడానికి నాకు మనసొప్పదు. వాషింగ్ మెషిన్ పైపుకి బిగించే పాలీఫాస్ఫేట్ గుళికలు కొంత నయం. సున్నాన్ని నీళ్లలోనే పట్టి ఉంచుతాయి, ఖరీదూ తక్కువే. బాగా వేడి తగిలితే వాటి పని ఆగిపోతుంది కాబట్టి గీజర్‌కి పెద్దగా ఆసరా కావు, తాగే పైపుకి పెట్టొద్దు.

గీజర్ కొత్తగా కొంటుంటే గ్లాస్‌లైన్డ్, అంటే గాజు పూత వేసిన ట్యాంకు, లోపల మెగ్నీషియం రాడ్డు ఉన్నది చూసుకోండి. ఉప్పు నీళ్లకి ఆ రాడ్డు ముందు తను కరిగి ట్యాంకుని కాపాడుతుంది. ఏడాదికోసారి విప్పి చూసి, అరిగిపోతే మార్చాలి. 75 డిగ్రీలు పెట్టొద్దు, 50 చాలు. వేడి తగ్గితే సున్నం పడటమూ తగ్గుతుంది. సోలార్ అయితే రాగి గొట్టాల పలకల రకం కన్నా గాజు గొట్టాల రకం ఈ నీళ్లకి నయం, శుభ్రం చేయడం తేలిక.

వాన నీళ్ల గురించి మన డెల్టాలో ఎవరూ మాట్లాడరు, నీళ్లకి కరువేంటి అన్నట్టు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడే చోటు మనది. వంద చదరపు మీటర్ల డాబా మీద, పారిపోయేది పోగా, 80 వేల లీటర్లు. హార్డ్‌నెస్ దాదాపు సున్నా. చిక్కంతా దాచుకునే చోటుతోనే. జూన్ నుంచి నవంబరు దాకా 5,000 లీటర్ల సంపు నిండుతూ ఖాళీ అవుతూ ఉంటే ఆ నెలల్లో స్నానాలకీ బట్టలకీ బోరు ముట్టుకోనక్కర్లేదు. మొదటి వాన డాబా కడగడానికి వదిలేయాలి. ఇల్లు కడుతున్నవాళ్లు సంపు అప్పుడే వేయించుకోండి, కట్టాక తవ్వితే ఖర్చు రెట్టింపు.

కాగితం చేతిలో పెట్టుకుని

హార్డ్‌నెస్ 200 లోపు వస్తే ఏమీ కొనకండి, నిమ్మ ఉప్పు పొట్లం చాలు. 200కీ 300కీ మధ్యైతే వంటకి వేరే నీళ్లు, గీజర్‌కి ఏడాదికోసారి సర్వీసు. 300 దాటి, క్లోరైడ్ 250 లోపు, టీడీఎస్ వెయ్యి లోపు ఉంటే సాఫ్ట్‌నర్ మీకోసమే. స్నానాలకీ బట్టలకీ పెట్టించి, వంటింటి పైపు విడిగా ఉంచండి. క్లోరైడ్ 500 దాటితే సాఫ్ట్‌నర్ మాట మర్చిపోండి. కాలువ నీళ్ల రెండో ట్యాంకు, అది కుదరకపోతే తాగడానికి చిన్న ఆర్వో, మిగతాదానికి సర్దుకోవడం. మధ్యలో పడ్డవాళ్లు, అంటే క్లోరైడ్ 250కీ 500కీ మధ్య ఉన్నవాళ్లు, ముందు రెండో ట్యాంకు పెట్టి ఒక ఎండాకాలం గడిపి చూడండి. అప్పటికీ సరిపోకపోతే సాఫ్ట్‌నర్ ఎక్కడికీ పోదు.

సెకండ్‌హ్యాండ్‌లో కావాలంటే మా మెట్ల కింద ఒకటుంది. గొడుగులు తీసేసి ఇస్తాను, కానీ ముందు మీ టెస్టు కాగితం చూపించాలి.